నాలుగో కూత

అసాహెల్ స్పెర్రీ మాస్టారు రాసిన నవలలు మొత్తం నాలుగు. నాలుగింటిలోనూ తెల్లవారుజామున ఒక కాపలావాడు ఉంటాడు, పొగమంచు ఉంటుంది, వాగు అవతల టర్కీ కోడి కూస్తుంది. కూసేది కోడి కాదు, ముఖానికి రంగు పూసుకున్న శత్రువు. ఆ సంగతి కాపలావాడికి ఎలాగో తెలిసిపోతుంది. తుపాకి పేలుతుంది, కోట బతికిపోతుంది. మొదటి నవలలో కాపలావాడు నల్లజుట్టువాడు, రెండోదానిలో ఎర్రజుట్టువాడు, మూడోదానిలో పెళ్లి కుదిరినవాడు, నాలుగోదానిలో పెళ్లాం పోయినవాడు. జుట్టూ పెళ్లీ మారాయి గానీ కోడి మాత్రం నాలుగింటిలోనూ మూడేసిసార్లే కూసింది. అది గమనించిన పాఠకుడు ఒక్కడూ లేడు. గమనించవలసిన అవసరం మాస్టారికి తప్ప ఇంకెవరికుంది?

క్రాండల్ రేవులో నవల రాయడం గొప్ప పనేమీ కాదు. పంది కొవ్వు కరిగించడం, గొడ్డలికి కామ బిగించడం, మొద్దుల ఇంటి సందుల్లో మట్టి మెత్తడం, ఇవీ పనులంటే. రాయడమనేది చలికాలంలో ఇంకేమీ తోచనివాడు చేసేది. మాస్టారు ఏం చేస్తున్నాడని ఎవరైనా అడిగితే, "ఏముంది, కూర్చున్నాడు" అనేవాళ్లు. అయినా పుస్తకం అచ్చుకు వెళ్లే ముందు, కొంటామని మాటిచ్చినవాళ్ల పేర్లు చివరి పేజీల్లో వేస్తారు కదా, ఆ జాబితాలో రేవులోని పాత కుటుంబం ఒక్కటి కూడా తప్పేది కాదు. అక్షరం ముక్క రానివాళ్లు సైతం తమ పేరు ఎక్కడుందో వేలు పెట్టి చూపించగలరు. కెప్టెన్ లెమ్యుయెల్ క్రాండల్ పేరు అందరికంటే పైన, కాస్త లావు అక్షరాల్లో ఉండేది. ఆ పుస్తకాలంటే వీళ్లకు ఇంత ప్రేమ ఎందుకో అసాహెల్‌కు చాలాకాలం అర్థం కాలేదు. తన రాతలో బలం ఉందనుకున్నాడు. రాసేవాళ్లు అలాగే అనుకుంటారు.

అతన్ని ఆరేళ్లప్పుడు కనెక్టికట్ నుంచి ఎడ్లబండిలో ఇక్కడికి, ఒహాయో అడవుల్లోకి, తీసుకొచ్చారు. తండ్రి రెండు చెట్లు నరికి, మూడోదాని దగ్గర చలిజ్వరం తగులుకుని మంచమెక్కి మళ్లీ దిగలేదు. మిగతా చెట్లు తల్లి మెహిటబెల్ నరికింది. ఆవిడ అలాంటి మనిషి. ఏడుస్తూ కూర్చుంటే ఆవును ఎవరు పిండుతారని ఆలోచించే రకం. కొడుకుకు ఆవిడ పోలిక రాలేదు. సన్నగా పొడుగ్గా ఎదిగి, గొడ్డలి ఎత్తితే దాని బరువుకే వెనక్కి తూలేవాడు. ఇంట్లో ఉన్న బైబిలునూ, పాత పంచాంగాన్నీ అట్టలు ఊడేదాకా చదివాడు. ఆ చదువు చూసి ఊళ్లో పిల్లలు అతనికి పంతులని పేరు పెట్టారు. అది గౌరవంతో పెట్టిన పేరు కాదు. మాస్టారన్న గౌరవం, పెద్దయ్యి రేవులో బడి చెప్పడం మొదలెట్టాక వచ్చింది.

ఆ పిల్లవాడితో దయగా మాట్లాడిన మగమనిషి ఒక్కడే, బుట్టల ఏబెల్. అతను ఈ అడవుల్లో మాకంటే ముందునుంచీ ఉన్న డెలవేర్ తెగవాడు. మిషను దొరల దగ్గర బాప్తిస్మం పుచ్చుకుని ఏబెల్ అయ్యాడు. వాగు అవతల పది మైళ్ల దూరాన వాళ్ల పల్లె. చెట్టు బద్దలతో బుట్టలు అల్లి తెచ్చి ఉప్పుకూ పిండికీ మార్చుకుపోయేవాడు. వెంట ఒక్కోసారి కూతురు సలోమీ వచ్చేది, ఒకదానిలో ఒకటి దూర్చిన చిన్న బుట్టలు మోసుకుంటూ. ఏబెల్ మెహిటబెల్ ఇంటి మెట్టు మీద కూర్చుని రేకు గ్లాసుతో మజ్జిగ తాగేవాడు.

"అమ్మగారూ, మీకంటే మీ ఆవు మంచిది. అది ఇచ్చేటప్పుడు నీళ్లు కలపదు."

"తాగేవాడివి నోరు మూసుకుని తాగు," అనేది మెహిటబెల్. ఆ తర్వాతి సారి నీళ్లు తగ్గించేది.

సరిహద్దులో మావాళ్ల తుపాకులు ముందు పేలి, ఆ తర్వాత ఎవరని అడుగుతాయి. ఏబెల్‌కు అది బాగా తెలుసు. అందుకే వాగు దాటే ముందు, టర్కీ కోడి రెక్క ఎముకలతో చేసిన పీకను పెదవుల మధ్య పెట్టుకుని, గాలి లోపలికి పీల్చి కోడిలా కూసేవాడు. మూడు పొట్టి కూతలు. కాసేపు ఆగి, ఏదో మరిచిపోయి సగం దారిలోంచి వెనక్కొచ్చిన మనిషిలా ఇంకొకటి. అడవిలో ఏ కోడీ అలా కూయదు. అది అతను తలుపు తట్టే పద్ధతి. నాలుగోది వినగానే మెహిటబెల్ గ్లాసు అందుకునేది. కెప్టెన్‌గారి కుక్క మొరగడం మానేసి పడుకునేది. అసాహెల్‌కు పీక ఊదడం నేర్పింది కూడా అతనే.

"మూడు కోళ్ల కోసం బాబూ, నాలుగోది మనుషుల కోసం," అని చెప్పాడు.

ఇంగ్లండుతో యుద్ధం వచ్చిన మరుసటి ఏడు వసంతంలో ఒక కబురొచ్చింది. కింది రేవులో ఒక కుటుంబాన్ని టర్కీ కోడి కూతతో అడవిలోకి రప్పించి చంపేశారట. ఎవరు చూశారో, ఎవరు చెప్పారో తెలియదు. రేవులోని ఎనిమిది కుటుంబాలూ మొద్దుల కోటలోకి చేరాయి. కెప్టెన్ క్రాండల్ అందరినీ నిలబెట్టి, ఇకమీదట వాగు అవతల టర్కీ కోడి కూస్తే అడగడాలు లేవు, కాల్చడమేనని చెప్పాడు.

"మరి ఏబెల్ వస్తే?" అంది మెహిటబెల్.

"ఏబెల్ ఎందుకొస్తాడమ్మా? డెలవేర్లందర్నీ సర్కారు ఏజెంటు పడమటికి తోలుకుపోయాడుగా. ఇప్పుడీ అడవిలో కూసేది ఏదైనా సరే, మన ప్రాణం తీయడానికొచ్చిందే."

ఆ వారంలో ఒకరోజు తెల్లవారుజాము కాపలా అసాహెల్‌కూ, కెప్టెన్ తమ్ముడు లైమన్‌కూ పడింది. అసాహెల్‌కు అప్పటికి పద్దెనిమిదేళ్లు. లైమన్ అంతకంటే రెండేళ్లు పెద్ద, నోరు పదేళ్లు పెద్ద.

"ఏరా పంతులూ, నీ బుట్టల దోస్తు వస్తే ఏం చేస్తావ్? బైబిలు చదివి వినిపిస్తావా?"

"రాడు."

"వస్తే?"

"రాడంటున్నాగా!"

"వీడు కాల్చడ్రా దేవుడా. వీడికిచ్చే తుపాకి వీళ్లమ్మకిచ్చినా కోట నిలబడేది."

ఆ మాటలో అబద్ధం లేదు. అందుకే అసాహెల్‌కు ఒళ్లంతా మండింది.

మంచు ఇంకా విడలేదు. వాగు అవతల నుంచి కూత వచ్చింది. ఒకటి, రెండు, మూడు.

లైమన్ మోచేత్తో పొడిచాడు. "విన్నావా? కొట్టు. నువ్వు కొడతావా, నన్ను కొట్టమంటావా? నేను కొడితే మాత్రం, పంతులు లాగూ తడుపుకున్నాడని రేపు ఊరంతా చాటుతా."

అసాహెల్ ఆగాడు. ఇంకొకటి రాకపోతే శత్రువు, వస్తే ఏబెల్. అంతకంటే తేలికైన లెక్క అతని బడి పలకల మీద కూడా ఎన్నడూ లేదు. తుపాకి భుజానికి ఆనించి, ఊపిరి బిగబట్టి చెవులు రిక్కించాడు. వచ్చింది. కాస్త ఆలస్యంగా, ఎప్పటిలాగే, నాలుగోది.

పొద కదిలింది. ఆ క్షణంలో అతని మనసులో ఏబెల్ లేడు, మజ్జిగ గ్లాసు లేదు, శత్రువు కూడా లేడు. లైమన్ నవ్వు ఒక్కటే ఉంది. మీట నొక్కాడు.

మంచు విడిచాక వెళ్లి చూస్తే ఏబెల్ వెల్లకిలా పడి ఉన్నాడు. పక్కన ఒక మూతబుట్ట ఉంది. ఉన్ని దాచుకోవడానికి కావాలని మెహిటబెల్ పోయిన చలికాలంలో చెప్పి చేయించుకుంటున్నది. ఏజెంటు కళ్లు కప్పి అంత దూరం ఎలా నడిచొచ్చాడో ఎవరికీ తెలియదు. కెప్టెన్ బుట్ట వంక చూసి, చూడనట్టుగా ముఖం తిప్పుకున్నాడు. "శత్రువులకు దారి చూపించడానికే వచ్చుంటాడు," అని అసాహెల్ వీపు తట్టాడు. దారి చూపించేవాడు బుట్ట పట్టుకుని వస్తాడా అని ఎవరూ అడగలేదు. మెహిటబెల్ తన శాలువా తీసి ఏబెల్ మీద కప్పింది. బుట్ట చేతికి తగిలించుకుని కోటలోకి వెళ్లిపోయింది. కొడుకు వంక చూడలేదు. ఆ రోజు మొదలు ఆ ఊసు ఎత్తలేదు. ఆ బుట్టలో ఉన్ని పెట్టలేదు, ఇంకేమీ పెట్టలేదు.

ఎముక పీక గడ్డిలో దొరికితే అసాహెల్ జేబులో వేసుకున్నాడు.

అతన్ని బతికించిన నమ్మకం ఒకటుంది. లైమన్‌కు టర్కీ కోడి కూతకూ బండి ఇరుసు మోతకూ తేడా తెలియదు. మిగతావాళ్లంతా కోట లోపల, జానెడు మందం మొద్దుల వెనక నిద్రలో ఉన్నారు. నాలుగో కూత విన్నది తాను ఒక్కడే. చెబితే తెలిసే సంగతి, చెప్పకపోతే తనతోనే పోయే సంగతి. ఈ మాట రోజుకు ఎన్నిసార్లు అనుకునేవాడో.

ఊరు అతన్ని వీరుణ్ని చేసింది. పాలు తాగే పిల్లలకు కూడా అతని కథ తెలుసు. కొత్తగా వచ్చి దిగిన ప్రతి బండివాడికీ, "అదిగో, ఆయనే" అని చూపించేవాళ్లు. మొక్కజొన్న ఒలిచే వేడుకల్లో ఎర్ర కంకి దొరికిన కుర్రాడు నచ్చిన పిల్లకు ముద్దు పెట్టొచ్చు కదా, ప్రూడెన్స్ అనే పిల్ల ఏరి ఏరి అసాహెల్ పక్కనే కూర్చునేది. ఒకసారి ఎర్ర కంకి దొరికింది కూడా. అతను దాన్ని పొట్టు కిందికి తోసేశాడు. ఆ పిల్ల చూసింది. మరుసటి ఏడు ఇంకొకణ్ని పెళ్లాడి ఇల్లినాయ్ వెళ్లిపోయింది. తన ముఖంలో వీరుణ్ని చూసే మనిషితో ఒక కప్పు కింద ఎలా బతకాలో అతనికి తెలియలేదు.

కథ చెప్పమని అడిగినవాళ్లందరికీ చెప్పాల్సి వచ్చేది. చెప్పిన ప్రతిసారీ ఏదో ఒకటి జారిపోయింది. ముందు బుట్ట జారిపోయింది. తర్వాత ఏబెల్ పేరు. చివరికి నాలుగో కూత. నోటితో చెప్పేటప్పుడు గొంతు తడబడుతోందని, కాగితం మీద అయితే చెయ్యి తడబడదని కనిపెట్టాడు. అలా పుట్టింది మొదటి నవల, 'హికరీ వాగు కాపలావాడు'. సిన్సినాటిలో అచ్చయింది. తర్వాత మూడు వచ్చాయి. ఒక దానిలో శత్రువును రాక్షసుణ్ని చేశాడు. ఇంకొక దానిలో వాడికి మంచి గుణాలు పెట్టి, చచ్చేముందు తనను చంపినవాణ్ని క్షమించే మాటలు నోట్లో పెట్టాడు. ఆ పేజీ చదివి తూర్పు పట్నాల్లో ఆడవాళ్లు కన్నీళ్లు పెట్టుకున్నారని ప్రచురణకర్త ఉత్తరం రాశాడు. అసాహెల్ ఆ ఉత్తరాన్ని పొయ్యిలో వేశాడు. చచ్చినవాడి నోటితో తనకు తానే క్షమాపణ రాసుకున్న మనిషికి సిగ్గు రాకుండా ఉంటుందా? వచ్చింది. వచ్చినా ఆ పేజీ తీసెయ్యలేదు.

అలా పదహారేళ్లు గడిచాయి. మెహిటబెల్‌కు డెబ్బై దగ్గరపడ్డాయి. ఏ రోజు ఏ రోజో మరిచిపోవడం మొదలైంది. పెట్టిన వస్తువు పెట్టనిచోట వెతుక్కోవడం, చచ్చిపోయిన ఆవును పేరు పెట్టి పిలవడం.

ఆ ఏడు ఆకురాలు కాలంలో కెప్టెన్ క్రాండల్ గడ్డికొట్టంలో మొక్కజొన్న ఒలుపు పెట్టారు. కంకులు నడుమెత్తు పోసి, రెండు వైపులా జనం కూర్చున్నారు. గుమ్మడి పైలు, ఆపిల్ సారా, మొక్కజొన్న రొట్టె సిద్ధంగా ఉన్నాయి. మా రేవులో ఒక వాడుక ఉంది. ఒలుపు జరుగుతుండగా మాస్టారు ఒలవనక్కర్లేదు. బోర్లించిన తొట్టి మీద కూర్చుని తన నవలలోంచి కాపలా ఘట్టం చదవాలి. ఆ చదువు సాగుతుండగా ఎముక పీక చేతులు మారుతూ జనమంతా తిరిగి రావాలి. కొత్తవాళ్లు దాన్ని భయంభయంగా పట్టుకునేవాళ్లు. పాత కుటుంబాలవాళ్లు చూడకుండానే పక్కవాడికి అందించేవాళ్లు.

పొద్దు వాలుతోంది. అసాహెల్ గొంతు సవరించుకుని చదివాడు. "మంచులోంచి మూడుసార్లు కూసింది కోడి. మూడోసారి ఆగగానే అడవి అంతా నిశ్శబ్దం..."

"నాలుగుసార్లు," అంది ఒక ఆడగొంతు.

గుమ్మంలో ఒక డెలవేర్ స్త్రీ నిలబడి ఉంది. ముప్పై లోపు వయసు. రెండు చేతుల నిండా బుట్టలు. ఒహాయోలో మిగిలిన కాస్తమంది డెలవేర్లనూ ఆ ఏడు మిసిసిపీ అవతలికి పంపేస్తున్నారు. వాళ్ల బండ్లు రెండు రోజులుగా వాగు దగ్గర ఆగి ఉన్నాయి.

"బుట్టలేనా అమ్మాయ్? అక్కడ పెట్టు, చదువు అయ్యాక చూద్దాం," అన్నాడు కెప్టెన్.

"బుట్టలేనండీ. కానీ ఆయన తప్పు చదివారు. మా నాన్న మూడు కూసి ఊరుకునేవాడు కాదు. నాలుగోది లేకుండా ఈ వాగు దాటేవాడే కాదు."

లైమన్ ఇప్పుడు పిండిమర యజమాని, పొట్ట పెరిగింది, నోరు తగ్గలేదు. "ఇది కథమ్మా. కథలో కోడి ఎన్నిసార్లు కూస్తే నీకేం?" అని నవ్వాడు.

"కథయితే ఈ పీక ఎక్కడిదండీ?"

పీక ఆ సమయానికి ఒక ముసలాయన చేతిలో ఉంది. ఆయన దాన్ని కాలే బొగ్గులా కంకుల మీద పెట్టేశాడు. అసాహెల్ అప్పుడు పోల్చుకున్నాడు. చిన్న బుట్టలు మోసుకొచ్చే సలోమీ. పుస్తకం అతని ఒళ్లో బరువెక్కింది.

కెప్టెన్ గొంతు మెత్తబరిచాడు. "అప్పుడు యుద్ధం తల్లీ. మంచు. టర్కీ కోడి కూత ఎక్కడైనా టర్కీ కోడి కూతే. ఫలానావాడిదని ఎవరికి తెలుస్తుంది చెప్పు?"

"ఒక్కసారి ఊదుతాను."

సలోమీ పీక తీసుకుని పెదవుల మధ్య పెట్టుకుంది. మూడు పొట్టి కూతలు. ఆగింది. నాలుగోది.

గడ్డికొట్టం మూలన మెహిటబెల్ ఒడిలో కంకి పెట్టుకుని కునుకుతోంది. దిగ్గున లేచి నిలబడింది. చెయ్యి గాలిలో దేన్నో తడుముతోంది.

"ఏబెల్ వచ్చాడు! ఒరేయ్ అసాహెల్, రేకు గ్లాసేదిరా? తీసుకురా. మళ్లీ నీళ్లెక్కువయ్యాయని దెప్పుతాడు."

ఒక్కరూ నవ్వలేదు. అసాహెల్ జనం వంక చూశాడు. ఈ ముసలమ్మ ఏమంటోందని ఎవరైనా తెల్లబోతారేమోనని వెతికాడు. కొత్తవాళ్లు తెల్లబోయారు. ఆనాడు కోటలో ఉన్న ఎనిమిది కుటుంబాల్లో ఒక్క ముఖమూ తెల్లబోలేదు. అందరూ తలలు వంచుకుని, ఒలిచేసిన కంకుల్నే మళ్లీ ఒలుస్తున్నారు. కెప్టెన్ తన బూట్లు చూసుకుంటున్నాడు. లైమన్ కూడా అంతే. ఆ మొద్దుల గోడలు ఏ కూతనూ ఆపలేదు. కోట మొత్తం విన్నది. తుపాకి పేలకముందే ఎవరొచ్చారో కోట మొత్తానికి తెలుసు. పుస్తకం వెనక పేజీల్లో పేర్లు ఎందుకంత వరసగా నిలబడ్డాయో అతనికి అప్పుడు తెలిసింది. తన సిగ్గును ఒంటరిగా మోస్తున్నాననుకున్నాడు ఇన్నాళ్లూ. కాదు, ఊరందరి సిగ్గుకూ అట్ట కట్టి అందించాడు.

"మీ అమ్మగారికి తెలిసింది," అంది సలోమీ. గొంతులో కోపం లేదు, అదే భరించలేనిది. "మాస్టారూ, మా నాన్నే మీకు ఊదడం నేర్పాడు. మీకు తెలియలేదా?"

ఒక్క మాట. ఆ పిల్ల అడిగింది అంతే. పదహారేళ్లుగా నాలుక కింద ఉన్న మాట. జనమంతా ఒలుపు ఆపి చెవులు పెట్టుకుని ఉన్నారు. లైమన్ తలెత్తి చూశాడు. మళ్లీ అదే చూపు, కాపలా నాటి చూపు.

"తెలియలేదు," అన్నాడు అసాహెల్. "మంచు... మూడే వినబడ్డాయి."

సలోమీ పీకను గుప్పిట్లోకి తీసుకుంది. "సరే," అంది. "ఇది నేను తీసుకెళ్తాను. రేపు పొద్దున్నే మా బండ్లు కదులుతాయి."

పీకను శాలువా అంచులో ముడివేసుకుని, ఒక్క బుట్టయినా దించకుండా వచ్చిన దారినే వెళ్లిపోయింది. మెహిటబెల్ ఇంకా గ్లాసు కోసం తడుముతోంది. కెప్టెన్ పెద్దగా ఊపిరి వదిలి, "కానివ్వండి మాస్టారూ, తర్వాతది చదవండి," అన్నాడు. అసాహెల్ చదివాడు. ఆ ఘట్టం చివరిదాకా చదివాడు. తుపాకి పేలిన చోట కొత్తవాళ్లు చప్పట్లు కొట్టారు.

తెల్లారగానే వాగు దగ్గరికి పరిగెత్తాడు. వాళ్లు వేసుకున్న నెగళ్ల బూడిద ఇంకా వెచ్చగా ఉంది. బండి చాళ్లు పడమటికి పోయాయి. మధ్యాహ్నం దాకా ఆ చాళ్ల వెంట నడిచి వెనక్కొచ్చేశాడు. ఇంట్లో గుర్రం ఉంది. ఎక్కి ఉంటే సాయంత్రానికి అందుకునేవాడు. ఈ సంగతి తర్వాత అతనే చెప్పుకున్నాడు కాబట్టి, మనం దాచిపెట్టనక్కర్లేదు.

ఆ తర్వాత అతను నవల రాయలేదు. ఉన్న నవలలో ఆ ఘట్టం మార్చి రాసి సిన్సినాటికి పంపాడు. కాపలావాడు తెలిసి కాల్చితే ఆ పుస్తకం ఎవరు చదువుతారని ప్రచురణకర్త తిప్పి పంపాడు. అప్పుడు సిరాబుడ్డి పట్టుకుని రేవులో ఇల్లిల్లూ తిరిగాడు. పుస్తకం అడిగి తీసుకుని 'మూడుసార్లు' అన్నది కొట్టేసి 'నాలుగుసార్లు' అని దిద్దాడు. కింద, 'నాకు తెలుసు' అని రాశాడు. కొందరు అచ్చుతప్పు దిద్దుతున్నాడనుకున్నారు. కెప్టెన్ మాత్రం అచ్చుతప్పు అనుకోలేదు. "నీకు తెలిస్తే నీ ఇంట్లో చెప్పుకో. మా పేర్లున్న పుస్తకంలో రాస్తావా?" అని ఆ కాగితం చించేశాడు. చాలా ఇళ్లలో ఆ కాగితం చిరిగింది. ఎన్నో ఏళ్ల తర్వాత అతను పోయినప్పుడు పత్రికలో నాలుగు వరసలు వేశారు, హికరీ వాగు వీరుడు, నవలాకారుడు అని.

కెప్టెన్ కోపంతో అన్న మాటే నిజమైంది. ఇంట్లో చెప్పుకోవలసి వచ్చింది.

ఒలుపు నాటి నుంచి మెహిటబెల్ మనసు ఆ పాత వసంతంలో ఆగిపోయింది. రోజూ తెల్లవారకముందే లేచి, మజ్జిగ చిలికి, రేకు గ్లాసు నింపి మెట్టు మీద పెట్టేది.

"ఏబెల్ ఇంకా రాలేదేంరా?"

"వస్తాడమ్మా," అన్నాడు అసాహెల్ మొదట్లో. మధ్యాహ్నానికి మజ్జిగ పులిసి ఈగలు వాలేవి. పందులకు పారబోసి గ్లాసు కడిగేవాడు. వారం రోజులు అలా కడిగాడు. ఎనిమిదో రోజు గ్లాసు చేతిలో ఉండగా, నోరు దానంతట అదే తెరుచుకుంది.

"రాడమ్మా. నేనే కాల్చాను."

మెహిటబెల్ మొదటిసారి విన్నట్టు విన్నది. ఆవిడకు అది మొదటిసారే. చెట్లు నరికిన రెండు చేతులతో కొడుకు గుండెల మీద కొట్టింది.

"వాడు కూశాడు కదరా! నాలుగోది కూశాడు కదా! వినబడలేదట్రా నీకు?"

"వినబడిందమ్మా."

ఆవిడ మెట్టు మీద కూలబడింది. పొద్దెక్కేసరికి అంతా మరిచిపోయి, ఉన్ని వడుకుతూ ఏదో పాట పాడుకుంది. మర్నాడు తెల్లవారకముందే గ్లాసు నింపి మెట్టు మీద పెట్టింది.

"ఏబెల్ ఇంకా రాలేదేంరా?"

వస్తాడని చెబితే సరిపోయేది. మతి లేని తల్లికి అబద్ధం చెప్పినందుకు ఏ పాదిరీ తప్పు పట్టడు. కానీ చెప్పవలసిన మనిషికి చెప్పకుండా మింగిన మాట అది. దాన్ని ఇక్కడ కూడా మింగితే ఇక తనకు గొంతు ఉండదనిపించింది. చెప్పాడు. దెబ్బలు తిన్నాడు. మరుసటి రోజు మళ్లీ చెప్పాడు. అలవాటైపోతుందని అనుకున్నాడు. అవలేదు. ఎదుటి మనిషికి ప్రతిరోజూ అది కొత్త కబురే, ప్రతిరోజూ ఆ ముఖం కొత్తగానే విరిగేది. కొన్నాళ్లు కొట్టింది, కొన్నాళ్లు ఏడ్చింది. ఒకరోజు అతని ముఖం మీద ఉమ్మేసింది. ఒక్క రోజు మాత్రం ఏమీ చెయ్యకుండా అతని చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది.

"నేనూ విన్నాన్రా," అంది చిన్నగా. "లేచి కాల్చొద్దని అరవాల్సింది. గ్లాసు వెతుక్కుంటున్నాను. ఇంతలో పేలింది."

మధ్యాహ్నానికి ఆవిడ మరిచిపోయింది.

నాలుగేళ్ల పైన అలా సాగింది. జ్వరాల్లోనూ, మంచు పడిన రోజుల్లోనూ ఆ ప్రశ్న ఆగలేదు, ఆ జవాబు ఆగలేదు. ఒక వసంతంలో, టర్కీ కోళ్లు కూసే రోజుల్లోనే, మెహిటబెల్ నిద్రలో పోయింది. పాత మూతబుట్టను ఆవిడ పక్కనే పెట్టి పాతిపెట్టారు. అది అసాహెల్ కోరిక. ఎందుకని ఎవరూ అడగలేదు.

మర్నాడు తెల్లవారకముందే అతను లేచాడు. మజ్జిగ చిలకడం సరిగా రాక సగం ఒలకబోసుకున్నాడు. రేకు గ్లాసు నింపి మెట్టు మీద పెట్టి, పక్కన నిలబడ్డాడు. వాగు అవతల అడవిలో ఏవో కోళ్లు కూస్తున్నాయి. అడిగేవాళ్లు ఎవరూ లేరు.

"వినబడిందమ్మా," అన్నాడు.